కుంచం నుంచి క్యూసెక్కు దాకా: గోదావరి సీమలో లెక్కల చదువు

తెలుగులో ఆదికావ్యం ఎక్కడ పుట్టిందని అడిగితే పదో తరగతి పిల్లవాడైనా తడుముకోకుండా రాజమహేంద్రవరం అంటాడు. నన్నయభట్టు, రాజరాజ నరేంద్రుడు, గోదావరి ఒడ్డు... తెలుగు వాచకం ఉన్నన్నాళ్ళూ ఆ మూడూ విడివడేవి కావు. అదే పిల్లవాణ్ణి, తెలుగులో మొట్టమొదటి లెక్కల పుస్తకం ఏది, దానికీ మన ప్రాంతానికీ సంబంధం ఏమిటి అని అడిగి చూడండి. పక్కనున్న లెక్కల మాస్టారు కూడా చాలాసార్లు మౌనమే వహిస్తారు. నిజానికి జవాబు మొదటి ప్రశ్నకు ఎంతో దూరంలో లేదు. అదే నది, అదే రాజవంశం, ఇంచుమించు అదే కాలం. పావులూరి మల్లన రచించిన సారసంగ్రహ గణితం అది. లోకం దాన్ని పావులూరి గణితమనే పిలుచుకుంది.

డెల్టాలోని ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైబడి లెక్కలు చెప్పి, ఇప్పుడు తీరిగ్గా పాత పుస్తకాలు తిరగేస్తున్నవాణ్ణి నేను. మా సీమలో లెక్కల చదువు ఎలా నడిచి వచ్చిందో చూస్తూ పోతుంటే, ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతూ వచ్చింది. గణితం ఇక్కడి మాటల్లోకి, ఇక్కడి కొలతల్లోకి దిగినప్పుడల్లా జనానికి అందింది. ఆ మాటలు తెగిపోయినప్పుడల్లా బట్టీ అయి కూర్చుంది. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ ఒక్క సంగతే. దానికి సాక్ష్యాలను మాత్రం వెయ్యేళ్ళ పొడుగునా వెతుక్కోవాలి.

మల్లనతోనే మొదలుపెడదాం. ఆయనకు మూలం మహావీరాచార్యుని గణితసార సంగ్రహం. మహావీరుడు రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్ష నృపతుంగుని కాలంవాడు, జైనుడు. గ్రంథం క్రీ.శ. 850 ప్రాంతానిది, సంస్కృతంలో ఉంది. 1912లో ఎం. రంగాచార్యగారు మద్రాసులో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాకే ఆ గ్రంథం ప్రపంచ గణిత చరిత్రకారుల కంట పడింది. అంతకు సుమారు ఎనిమిది వందల ఏళ్ళ ముందే అది తెలుగు పద్యాల్లోకి వచ్చేసిందన్న మాట!

మల్లన కాలం గురించి పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. పీఠాపురం దగ్గరి నవఖండవాడను రాజరాజ నరేంద్రుడు అగ్రహారంగా ఇచ్చాడని గ్రంథంలోనే ఉంది. ఆ దానం పట్టినది ఈ కవేనని కొందరు, కాదు ఈయన తాతగారని మరికొందరు. మొదటి మాట నిజమైతే ఈయన నన్నయకు సమకాలికుడు. రెండోది నిజమైతే రెండు తరాల తరువాతివాడు. ఎలా చూసినా తెలుగులో శాస్త్రగ్రంథమనేది ఇక్కడే కళ్ళు తెరిచింది. ఆ నవఖండవాడ ఈనాటికీ ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పీఠాపురంతో పాటు కాకినాడ జిల్లాలోకి వెళ్ళింది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆయన కాలం కాదు, ఆయన చేసిన పని తీరు. మల్లన మూలాన్ని ఉన్నదున్నట్టు తెనిగించలేదు. వర్గం చేయడానికి, ఘనం చేయడానికి మహావీరుడు చెప్పిన పలు పద్ధతులను కుదించాడు. గుణకారం, భాగహారం వంటి చోట్ల ఉదాహరణలను మాత్రం పెంచాడు. తాను శైవుడు గనుక జైన ప్రసక్తులు ఉన్నచోట శివుణ్ణి తెచ్చి నిలిపాడు. దీన్ని మతాభిమానమని చెప్పి ఊరుకోవచ్చు. కాని తరగతి గదిలో బతికినవాడికి ఇందులో ఒక ఉపాధ్యాయుడు కనపడతాడు. పద్ధతులు తగ్గించి లెక్కలు పెంచడం, వినేవాడికి తెలిసిన లోకంలోంచి ఉదాహరణ తీయడం, ఈ రెండూ బల్ల దగ్గర నిలబడి పాఠం చెప్పినవాడికే తెలిసే రహస్యాలు.

మహావీరుని పుస్తకంలో 142857143ని 7తో గుణించమనే లెక్క ఒకటి ఉంది. జవాబు 1000000001. రెండు కొసల్లో రెండు ఒకట్లు, మధ్యన సున్నాల వరస. మెడలో వేసుకొనే హారంలా ఉంటుందని ఇలాంటి లబ్ధాలకు కంఠిక అని పేరు పెట్టాడాయన. తొమ్మిదో తరగతిలో అడుగున కూర్చొనే పిల్లల చేత నేనీ గుణకారం చాలాసార్లు చేయించాను. లెక్కంటే మొహం చాటేసే పిల్లవాడు కూడా, సున్నా తరువాత సున్నా పడుతూ ఉంటే చివరిదాకా ఆగడు. వెయ్యేళ్ళ కిందటి మాస్టారికి పిల్లల నాడి ఎంత బాగా తెలుసో!

పావులూరి గణితంలోనిదని ప్రసిద్ధి పొందిన చదరంగం పద్యం సంగతీ ఇలాంటిదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? 18446744073709551615. ఇరవై అంకెల సంఖ్య. దీన్ని పద్యంలో ఇమిడ్చిన తీరు చూడండి. చంద్రుడంటే 1, అగ్నులంటే 3, వేదాలంటే 4, మన్మథ బాణాలంటే 5, కొండలంటే 7, దిగ్గజాలంటే 8, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవాలి. పద్యం బాణంతో మొదలవుతుంది, అంటే చివరి అంకె 5. ఇది సరైనదేనా అని పిల్లలు సొంతంగా సరిచూడవచ్చు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతూ ఉంటాయి. 64ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక 64వ ఘాతం చివర 6 వస్తుంది. మొత్తం గింజలు దానికంటే ఒకటి తక్కువ, కాబట్టి 5. ఒక్క పద్యంలో గుణశ్రేఢి, ఘాతాంకాలు, స్థానవిలువ మూడు పాఠాలు. ఇది తెలుగు వాచకంలోనూ లేదు, లెక్కల పుస్తకంలోనూ లేదు అన్నదే నా బాధ.

మల్లన తరువాత ఏడు శతాబ్దాలు గడిచాయి. ఊళ్ళో పిల్లలకు లెక్కలు ఎలా చెప్పేవారన్నది మనకు కాస్త వివరంగా తెలిసేది 1822 తరువాతే. ఆ ఏడాది మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రతి జిల్లాలోనూ బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లను లెక్కలు అడిగాడు. 1826లో తేలిన మొత్తం: రాజధాని అంతటా 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. రాజమండ్రి కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. రాబర్ట్‌సన్ 1823లో పంపిన పట్టిక ప్రకారం ఈ జిల్లాలో వీధిబడులు 291, వాటిలో పిల్లలు 2,658 మంది. సగటున బడికి తొమ్మండుగురు. వేదశాస్త్రాలు చెప్పే పాఠశాలలు వేరేగా 279 ఉన్నాయి. తెలుగు బడుల్లో చదివించే 43 పుస్తకాల పేర్లు కూడా ఆయన పంపాడు. అందులో పెద్దపీట కావ్యాలదే.

ఆ 2,658 మందిలో ఆడపిల్లలు 37 మంది. వందకు ఒకటిన్నరకు కూడా తక్కువే. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

బడిలో లెక్క ఎలా నడిచేదో రాబర్ట్‌సన్ పట్టికలో దొరకదు. దానికి బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ అదే ఏడాది రాసిన నివేదికను చూడాలి. బళ్ళారి తెలుగు, కన్నడం కలగలిసిన జిల్లా. అక్కడి వీధిబడికీ మన వీధిబడికీ పోలికలు చాలా ఉంటాయి. పిల్లవాడు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. తరువాత కూడిక ఎక్కాలు, నూరు వరకు అంకెలు. ఆపైన డబ్బు లెక్కల్లో కూడికలు, తీసివేతలు. ఆ తరువాత గుణకారం, నాణాలు కొలతలు ఒకదానిలోంచి ఒకదానిలోకి మార్చడం, భిన్నాలు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెబుతారు. రకరకాల చేతిరాతలు చదవడం, ఉత్తరాలు, ఒప్పందాలు రాయడం కూడా నేర్పుతారు. అంటే పిల్లవాడు బడి దాటి బయటికి వస్తే పత్రం చదవగలడు, పద్దు రాయగలడు.

క్యాంబెల్ రాసిన ఇంకొక ముచ్చట లెక్కల మాస్టర్లందరికీ నచ్చుతుంది. ఉదయాన్నే అందరికంటే ముందు బడికి వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారట, నీకు మెప్పూ లేదు, తప్పూ లేదు అని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. ఇది అచ్చమైన అంకశ్రేఢి! n వ స్థానంలో వచ్చినవాడికి n-2 దెబ్బలు. మన రాజమండ్రి సగటు ప్రకారం తొమ్మిది మంది ఉన్న బడి అనుకుంటే, ఆ ఉదయం పంతులుగారు కొట్టే దెబ్బలు 1 నుంచి 7 దాకా కూడితే 28. సున్నాకు మన పల్లెటూరి బడి ఇచ్చిన అర్థం చూశారా? ఏమీ లేకపోవడం అని కాదు, అటు మొగ్గూ ఇటు మొగ్గూ లేని నడిమి చోటు అని. రుణ సంఖ్యలు చెప్పేటప్పుడు మేము సంఖ్యారేఖ గీసి నానాతంటాలు పడేది ఈ ఒక్క భావం పిల్లలకు ఎక్కించడానికే. అయితే బెత్తంతో కూడిన ఈ శ్రేఢిని తరగతిలోకి మళ్ళీ తెమ్మని నేననను. దెబ్బల భయంలో పోయిన లెక్కలు కూడా తక్కువేమీ కాదు.

క్యాంబెల్ మెచ్చుకొని ఊరుకోలేదు. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పగిస్తారు గాని వాటి అర్థం వారికి చిలుకకు తెలిసినంతే తెలుసని కూడా రాశాడు. పుస్తకాల భాష వేరు, ఇంట్లో భాష వేరు కావడం అందుకు కారణమని చెప్పాడు. గమనించవలసినది ఏమిటంటే, ఈ నింద ఆయన వేసింది పద్యం మీదే. పిల్లలు నేర్చిన లెక్క ఇంటి మాటలోనే ఉండేది, సంతలో మోగే కొలతల్లోనే ఉండేది.

ఆ కొలతలు ఎలాంటివో నేటి పిల్లలకు తెలియదు గనుక ఇక్కడ కాస్త ఆగుదాం. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచం. నాలుగు కుంచాలు తూము. ఐదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరవై తూములు పుట్టి. పుట్టికి 80 కుంచాలు, 320 మానికలు, 5,120 గిద్దెలు. తూకానికి వస్తే ఎనిమిది వీశెలు మణుగు. డబ్బుకు వస్తే నాలుగు ఏగాణీలు అణా, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పదహారణాలు రూపాయి. భిన్నాలకు విడిగా పేర్లున్నాయి: పదహారో వంతు వీసం, ఎనిమిదో వంతు పరక, నాలుగో వంతు పాతిక. వందలో నాలుగో వంతు కాబట్టే 25ను ఇప్పటికీ పాతిక అంటున్నాం. వీసమెత్తు సిగ్గు లేదని తిట్టేటప్పుడు మనం వాడేది ఒక భిన్నాన్నే!

చూడడానికి గందరగోళంగా ఉంటుంది గాని ఇందులో ఒక పొందిక ఉంది. చాలా మెట్లు సగాల మీద, పావుల మీద నడుస్తాయి. కాగితం లేకుండా సగం చేయడం, రెట్టించడం మనిషి మనసుకు సులువు. ఒక లెక్క వేద్దాం. పుట్టి ధాన్యం 25 రూపాయలు. మూడు పుట్ల ఏదుము రెండు తూములు ఎంత? పుట్టి 25 అయితే తూము రూపాయి పావలా. మొత్తం తూములు అరవై, ఐదు, రెండు, వెరసి 67. అరవై ఏడు రూపాయలు ఒక పక్క. అరవై ఏడు పావలాలు ఇంకొక పక్క, అంటే పదహారు రూపాయల ముప్పావలా. రెండూ కలిపితే ఎనభై మూడు రూపాయల ముప్పావలా. బీజగణితంలో విభాగన్యాయం అని మేము చెప్పేది ఇదే. కళ్ళంలో రాశి ముందు కూర్చున్న రైతు దీన్ని ఆ పేరుతో పిలవడు, అంతే తేడా.

ఇక ఆ 37 మంది ఆడపిల్లల దగ్గరకు వద్దాం. కోతల కాలంలో కూలి గింజల రూపంలో ముట్టేది. కుంచాలతో, మానికలతో కొలిచి పోసేవారు. ఆ గింజలు ఒడిపట్టి ఇంటికి తెచ్చేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు. కుంచం అంచుకు గీసి కొలిచారా, పైన గోపురం కట్టేలా పోశారా అన్నది ఆ పూట అన్నానికి సంబంధించిన విషయం. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకొనేటప్పుడు ఇంకొక కుంచం వాడే ఆసాములను గురించి మా పెద్దవాళ్ళు కథలు కథలుగా చెప్పేవారు. లెక్క ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే బడి బయట ఉండిపోయారు. గణిత బోధన చరిత్ర రాసేటప్పుడు ఈ మాట రాయకపోతే పద్దులో ఒక వైపే రాసినట్టు అవుతుంది.

1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. సర్ ఆర్థర్ కాటన్ పేరు ఇక్కడ ఎవరికీ కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. అయితే ఆనకట్ట నీళ్ళతో పాటు మరొకటి కూడా తెచ్చింది. అంతవరకు వానను నమ్ముకున్న రైతుకు ఇప్పుడు కాలువలు, తూములు, నీటి తీరువా, ఎకరాల కొలతలు, పన్ను వాయిదాలు వచ్చాయి. గ్రామంలో ఈ కాగితాలన్నీ కరణం చేతిలో ఉండేవి. కరణం రాసిందే లెక్క. చదవడం రానివాడు వేలిముద్ర వేసి రావలసిందే.

ఆనకట్ట పూర్తయిన కొద్ది ఏళ్ళకే, 1850ల మధ్యలో, నరసాపురం ప్రాంతంలో ఒక విశేషం జరిగింది. అప్పటి సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు వెలిశాయి. తరువాత చుట్టుపక్కల గ్రామాల రైతులు, తమ శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా చెల్లించడానికి ఒప్పుకున్నారు. వీటినే రేటు స్కూళ్ళు అన్నారు. పన్ను తగ్గించమని అర్జీలు పెట్టుకొనే రైతు, బడికోసం తనమీద తానే పన్ను వేసుకున్నాడు! ఈ ఏర్పాటుకు చట్టం దన్ను కావలసి వచ్చి, 1863లో మద్రాసు ప్రభుత్వం ఆరవ నంబరు చట్టంగా విద్యా చట్టం చేసింది. రాజధాని మొత్తానికి చేసిన ఆ చట్టానికి ప్రేరణ గోదావరి డెల్టా పల్లెలే. ఇతర జిల్లాల్లో అది అంతగా పట్టుకోలేదు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చాక పద్ధతి మారింది. టేలర్ పేరున్న ఉన్నత పాఠశాల మాత్రం నరసాపురంలో నిలిచింది.

ఆ రైతుల మనసులో ఏముందో మనకు వాళ్ళ మాటల్లో దొరకదు. కాని ఆనకట్ట, నీటి తీరువా, బడి పన్ను ఒకే పదేళ్ళలో ఒకదాని వెంట ఒకటి రావడం చూస్తే, నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ రైతులకు కావలసింది తమ పద్దును చదువుకోగల కొడుకు. కరణం రాసిన కాగితాన్ని వెలుగులో పెట్టి, ఇక్కడ కూడిక తప్పింది అని చెప్పగలవాడు ఇంట్లో ఒకడుంటే చాలు. సామాన్యుడికి లెక్క తెలియడమంటే ముందుగా ధైర్యం. మిగతా ప్రయోజనాలన్నీ ఆ తరువాతే. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యే నాటికి ఆ ధైర్యం చాలా ఇళ్ళకు చేరింది. అందులో పల్లెటూరి బడిపంతుళ్ళ వంతు ఎంతైనా ఉంది.

పై తరగతుల కథ కాస్త వేరుగా నడిచింది. 1853లో రాజమండ్రిలో జిల్లా పాఠశాల వచ్చింది, తరువాత అదే కళాశాలగా ఎదిగింది. 1894లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కళాశాల కూడా అక్కడే వచ్చింది. ఉన్నత పాఠశాలలో లెక్కలు ఇంగ్లీషులో చెప్పేవారు. పౌండ్లు, షిల్లింగులు, గ్యాలన్ల లెక్కలు చేసి, ఇంటికి వెళ్ళి కుంచాలతో గింజలు కొలిచిన తరాలున్నాయి. 1930ల చివరి నుంచి ఉన్నత పాఠశాలల్లో క్రమంగా తెలుగు మాధ్యమం వచ్చింది. సమీకరణం, శ్రేఢి, కర్ణం, లంబం, హారం, లవం వంటి మాటలు నల్లబల్ల మీదికి ఎక్కాయి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. తెలుగు మాధ్యమం అన్నంత మాత్రాన అది ఇంటి తెలుగు అయిపోలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సమితులు అని పాఠం మొదలుపెడితే, పిల్లలు పంచాయతీ సమితి ఆఫీసు గురించి అనుకున్నారు. ప్రమేయం, అనులోమం, సంవృత ధర్మం వంటి మాటలు బ్రహ్మపదార్థాల్లా వినపడేవి. క్యాంబెల్ చెప్పిన చిలుక ఈసారి పద్యం వదిలి లెక్కల పుస్తకం మీద వాలింది. ఈలోగా 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. ఆ తరువాతి ఐదారేళ్ళలో మెట్రిక్ కొలతలు వచ్చాయి. అది మంచి మార్పే, దశాంశాలు అందరికీ సులువయ్యాయి. కాని కొత్తవి నేర్పే తొందరలో పాతవి ఎందుకలా ఉండేవో ఎవరూ పిల్లలకు చెప్పలేదు. కుంచం, తూము, వీసంతో పాటు, సగాల మీద నడిచే నోటి లెక్క కూడా మూలపడింది.

మాట తెగితే అర్థం ఎలా జారిపోతుందో చెప్పడానికి పదో తరగతి త్రికోణమితిలోనే ఒక ఉదాహరణ ఉంది. వృత్తంలో చాపం విల్లు అనుకుంటే దాని నారి జ్య. మన ప్రాచీనులు జ్య, జీవ అన్నారు. అరబ్బులు ఆ మాటను తమ లిపిలో జీబ అని రాసుకున్నారు. అచ్చులు రాయని ఆ లిపిలో తరువాతివారు దాన్ని జైబ్ అని చదివారు. ఆ మాటకు వాళ్ళ భాషలో వక్షస్థలం, బట్ట మడత అని అర్థం. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు దానికి సమానార్థకంగా సైనస్ అన్నారు. అదే ఇప్పటి సైన్. వింటినారి ఖండాలు దాటేసరికి గుడ్డ మడతగా మారింది! ఇది చెప్పి, బల్ల మీద విల్లు గీసి, నారిలో సగం చూపిస్తే, సైన్ విలువ కోణంతో పాటు ఎందుకు పెరుగుతుందో పిల్లలకు వెంటనే తోస్తుంది. పట్టిక అప్పగించినవాడికి అది తోచదు.

ఇప్పటి సంగతి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఇంగ్లీషు మాధ్యమం పెడుతూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ తరువాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు కోరే తల్లిదండ్రులను తప్పుపట్టే సాహసం నేను చేయను. బడికోసం పన్ను కట్టుకున్న ఆచంట రైతు ఆశ ఎలాంటిదో, వీళ్ళ ఆశా అలాంటిదే. పిల్లవాడు రేపు ఎవరి చేతిలోనూ మోసపోకూడదు, ఎక్కడికి వెళ్ళినా నెగ్గుకు రావాలి. ఆ కోరికలో దోషం లేదు.

నా దిగులు వేరే చోట ఉంది. ఆ ఎదుటి పేజీని ఎవరైనా తిప్పుతున్నారా? పరీక్ష పేపరు కోసం సూత్రాలు నూరిపోసే చోట్ల రెండు పేజీల్లో ఏదీ మిగలడం లేదు. ఇంగ్లీషు మాట అర్థం కాక, తెలుగు మాట వినక, పిల్లవాడి దగ్గర మిగిలేది గుర్తులు మాత్రమే. కర్ణం తెలియకపోతే పోనీ, హైపోటెన్యూస్ అంటే కొబ్బరిచెట్టుకు ఏటవాలుగా ఆనించిన నిచ్చెన అని ఎవరో ఒకరు చెప్పాలి కదా!

దీనికి కొత్త సిద్ధాంతాలేవీ అక్కరలేదు. మల్లన చూపిన దారి ఉంది. ఆయన సంస్కృతాన్ని కాదనలేదు, మహావీరుణ్ణి తక్కువ చేయలేదు. పరాయి పుస్తకంలోని లెక్కను తీసుకొని, ఇక్కడి పిల్లవాడి చేతిలో పెట్టాడు. నేటి డెల్టాలో అలా చేతిలో పెట్టదగ్గ లెక్క ప్రతి వానాకాలం మన ఇంటి ముందుకే వస్తోంది.

పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, అప్పటి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులకు రెండోది, 13 లక్షలు. 17.75 అడుగులకు మూడోది, 17 లక్షలు. ఈ మూడు బిందువులను గ్రాఫు కాగితం మీద పెట్టించండి. మొదటి రెండడుగుల్లో అడుగుకు లక్షన్నర చొప్పున పెరిగింది, తరువాతి నాలుగడుగుల్లో అడుగుకు లక్ష చొప్పున. రేఖ వంగింది. ఎందుకు వంగింది అని తరగతిలో ఒక్కడు అడిగినా ఆ రోజు పాఠం చెప్పినట్టే.

ఇంకా ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఎకరమంటే 43,560 చదరపుటడుగులు. 10 లక్షలను 43,560తో భాగిస్తే సుమారు 23 వస్తుంది. అంటే మొదటి హెచ్చరిక నాటి గోదావరి ఒక్క సెకనులో 23 ఎకరాలను అడుగు లోతున ముంచగలదు. 1986 ఆగస్టులో వచ్చింది సుమారు 35 లక్షల క్యూసెక్కులు. లంక గ్రామాల పిల్లలకు ఈ లెక్క చేయిస్తే, హెచ్చరిక వినగానే పశువులను ఎందుకు విప్పాలో మనం వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో చేయించినా ఫరవాలేదు. ఎకరం, అడుగు, లంక, గట్టు అన్న మాటలు ఆ లెక్కలో ఉంటే చాలు.

చివరగా చదువరులకు ఒక విన్నపం. మీ ఇళ్ళలో ఎనభై దాటిన పెద్దలుంటే, వాళ్ళు చిన్నప్పుడు వల్లె వేసిన కొలతల ఎక్కాలను రాసి పెట్టుకోండి. కుంచం అన్ని చోట్లా ఒకటి కాదు, తూమూ ఒకటి కాదు. మా పక్క తూముకు నాలుగు కుంచాలు. మీ పక్క ఎన్ని?